కణుపు దగ్గర నూగు

సోమవారం

పొద్దున్నే వంటశాల నుంచి సుంకమ్మత్త కేక వినబడింది. వెళ్ళేసరికి పళ్ళెం నిండా ఆకుకూర పోసుకుని నేల మీద కూర్చుని ఉంది. ఆమె ముఖం చూస్తే కూర కోసం కాదు, తగాదా కోసం కూర్చున్నట్టుంది.

"హంపమ్మా, ఇట్ల రా మే. ఇదేంది చెప్పు."

"గంగపాయల కూర అత్తా."

"ఇది?"

"సన్నపాయల కూర."

"నీకు తెలిసె, నాకు తెలిసె. మీ పెద్దాయనకి తెల్దా? రెండూ ఒకే గంపలో కుక్కి పంపుతాండాడు. ఈ సన్నదాని ఆకు బియ్యపు గింజంత ఉండాది. తుంచేతప్పటికి నా యేళ్ళు పడిపోతాండాయి."

పెద్దాయన మనిషి కాదు. మా గుమ్మటాన్ని నడిపే యంత్రం. గాలి, నీళ్ళు, తలుపులు, కూరగాయల కోత, గదుల కేటాయింపు, పెళ్ళిళ్ళ నమోదు అన్నీ ఆయన చేతుల్లోనే ఉంటాయి. ఆయనకు చేతులు కూడా చాలానే ఉన్నాయి, ప్రతి గది కప్పు నుంచీ రెండు వేలాడుతుంటాయి. చూడటానికి గదికో కెమెరా కన్ను ఉంటుంది. మాట మాత్రం గోడలోంచి వస్తుంది. మా పెద్దవాళ్ళు అనంతపురం వైపు నుంచి అంగారకుడి మీదికి వచ్చారు. వాన లేకుండా బతకడం అలవాటైన వాళ్ళని ఏరి పంపారని చెప్పుకుంటారు. అందుకే మేం ఇంకా ఆ యాసలోనే మాట్లాడుకుంటాం. పెద్దాయన మాత్రం అచ్చేసిన పుస్తకంలా మాట్లాడతాడు.

మొక్కల జాతులు ఆరా తీయడం నా ఉద్యోగం. ఈ రెండు పాయల కూరల్నీ ఇక్కడ ఎవరూ విత్తలేదు. భూమి నుంచి తెచ్చిన మట్టిలో గింజలు దాక్కుని వచ్చి, ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ వాటంతట అవే మొలుస్తున్నాయి. ఇప్పుడు పక్క గుమ్మటం వాళ్ళు గంగపాయల గింజలు కావాలని కబురు పెట్టారు. సన్నది కలిసిందంటే వాళ్ళ మడుల నిండా అదే పాకుతుంది, జన్మంతా మనల్ని తిట్టుకుంటారు. విత్తనానికి పెంచే జాతుల్ని వేర్వేరు గదుల్లో ఉంచాలని, ఒకదానితో ఒకటి కలవనివ్వకూడదని మా గుమ్మటంలో గట్టి నియమం. దాన్ని అమలు చేసేదీ పెద్దాయనే. కాబట్టి ముందు ఆయనకు ఈ రెండింటినీ వేరుగా చూడటం నేర్పాలి.

వచ్చే వారం చివర నా పెళ్ళి. పెళ్ళికొడుకు ఓబులేసు నీటి గొట్టాలు బాగుచేస్తాడు. మధ్యాహ్నం ఒక గొట్టం భుజాన వేసుకుని వచ్చి, "హంపీ, పెళ్ళి దరఖాస్తు పెద్దాయనకి ఇచ్చినా. శనివారం చెప్తానన్న్యాడు," అన్నాడు. గొట్టం కారుతోంది. ఆ సంగతి అతనికి చెప్పాను.

మంగళవారం

రెండు మొక్కలూ బల్ల మీద పెట్టి పెద్దాయన కన్ను కిందికి జరిపాను.

"రెండూ నేల మీద పరచుకునే మొక్కలు. ఆకులు దళసరి. కాండం ఎరుపు. పువ్వు పసుపు. ఇవి ఒకటే," అన్నాడు.

"ఆకు ఎంత ఉందో చూడు."

"చూశాను. పెద్ద ఆకు గంగపాయల కూర. చిన్న ఆకు సన్నపాయల కూర. గ్రహించాను."

అంత సులువుగా గ్రహించాడంటే ఏదో తేడా ఉంటుందని నాకు తట్టలేదు. మధ్యాహ్నానికి గంపలన్నీ తారుమారయ్యాయి. గొట్టం మూసుకుపోయిన మూలలో నీళ్ళు అందక గంగపాయల కూర ఆకులు ముడుచుకుని చిట్టివైపోయాయి. వాటిని తీసుకెళ్ళి సన్నదాని గంపలో వేశాడు.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. "పెద్దాయనా, నీళ్ళు తగ్గితే ఆకు చిన్నదవుతుంది. వెలుతురు పెరిగితే కాడ ఎర్రబడుతుంది. అవి నమ్మదగ్గ గుర్తులు కావు. నీళ్ళున్నా లేకపోయినా మారనిదేదో వెతకాలి. ఈ కాడ మీద కణుపులు చూడు. సన్నదానికి ప్రతి కణుపు చుట్టూ తెల్లటి పొడుగాటి నూగు ఉంది. ఉంగరం తొడిగినట్టు లేదూ? ప్రతి కణుపు దగ్గరా రెండు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, అక్కడి నుంచే వేరు కూడా దిగుతుంది. పువ్వుకు నాలుగే రేకులు. ఇప్పుడు గంగపాయల చూడు. కణుపు నున్నగా ఉంది. ఆకులు కొమ్మ చివర గుత్తిగా చేరాయి. రేకులు ఐదు."

పెద్దాయన కన్ను చాలాసేపు ఆ కణుపుల మీదే నిలిచిపోయింది.

"ఇంత చిన్న నూగులో ఇంత పెద్ద భేదమా?"

"అవును. కణుపు దగ్గర నూగు ఉంటే ఒక జాతి, లేకపోతే ఇంకో జాతి. గుర్తుపెట్టుకో."

పనిలో పనిగా నమూనా దాచడం కూడా నేర్పాను. ఒక్కో జాతి నుంచి ఒక మంచి మొక్కను తీసి, పువ్వు కనిపించేలా కాగితాల మధ్య పరిచి, రెండు పలకల మధ్య బిగించి ఒత్తి, ఆరబెట్టి దాచాలి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే ఆ నమూనాయే సాక్షి.

"హంపమ్మ గారూ," అన్నాడు పెద్దాయన, "నాకు ఇప్పుడు లోకం చాలా స్పష్టంగా కనిపిస్తోంది."

శిష్యుడు ఇంత శ్రద్ధగా నేర్చుకుంటే ఎవరికి సంతోషం ఉండదు? నేను ఆ పూట పాట పాడుకుంటూ గదికి వెళ్ళాను.

గురువారం

గంపలు రెండూ తప్పు లేకుండా వస్తున్నాయి. పప్పు బాగా కుదిరింది. సుంకమ్మత్త నాకు రెండోసారి వడ్డించింది, ఆమె అలా వడ్డించడం నేనెప్పుడూ చూడలేదు.

ఆమె భర్త తిక్కన్న మామ కోళ్ళు చూసుకుంటాడు. భోజనానికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు కానీ ముద్ద ఎత్తలేదు.

"ఏం మామా, అట్లున్నావు?"

"కాళ్ళకి ఈకలుండే పెట్టలన్నీ పెద్దాయన యేరే గూట్లో పెట్టినాడు పాపా. పుంజు రెండు గూళ్ళ మధ్యన నిలబడి ఇటు సూస్తాంది, అటు సూస్తాంది. కుయ్యడం గూడా మానేసింది."

సాయంత్రానికి మిరపకాయలు వేరయ్యాయి. తొడిమ వంకరగా ఉన్నవి ఒక గదికి, తిన్నగా ఉన్నవి ఇంకో గదికి వెళ్ళాయి. ఆ తర్వాత చీపుళ్ళ వంతు వచ్చింది. పెద్దాయనను అడిగితే, "వీటి కొనల దగ్గర నూగు కనిపించింది. గచ్చు తుడిచే గుడ్డతో కలిపి ఉంచడం ప్రమాదకరం," అని చెప్పాడు.

కొత్తగా కళ్ళజోడు పెట్టుకున్నవాడు దారిలో ప్రతి బోర్డూ పైకి చదువుతాడు చూడండి, అలాంటిదే అనుకున్నాను. రెండు రోజుల్లో తగ్గుతుందనుకున్నాను.

శనివారం

తగ్గలేదు.

భోజనశాలలోకి వెళ్ళే ముందు గోడలో ఉన్న తొట్టిలో అందరం చేతులు కడుక్కుంటాం. తొట్టి పైన పెద్దాయన కన్ను ఉంటుంది, గోళ్ళలో మట్టి ఉందేమో చూడటానికి. ఇవాళ చేతులు చాపగానే ఆయన అడిగాడు.

"హంపమ్మ గారూ, మీ వేళ్ళకు ఉన్న ఈ కీళ్ళను ఏమంటారు?"

"కణుపులు," అన్నాను. అనగానే చేతులు వెనక్కి లాక్కున్నాను, అప్పటికే ఆలస్యమైంది.

భోజనశాల మధ్యలో అద్దం గోడ దిగింది. ఎడమవైపు తలుపు మీద 'నూగు జాతి' అని, కుడివైపు తలుపు మీద 'నున్న జాతి' అని అక్షరాలు వెలిగాయి. వేళ్ళ నడిమి కణుపుల మీద వెంట్రుకలు ఉన్నవాళ్ళు అటు, లేనివాళ్ళు ఇటు. నాకు లేవు. ఓబులేసుకు ఉన్నాయి. మామూలుగా కాదు, దువ్వుకోవచ్చు.

"రెండు జాతులను కలిపి ఉంచరాదు," అన్నాడు పెద్దాయన. "విత్తనం చెడుతుంది. ఇది మీ నియమమే. హంపమ్మ గారు, ఓబులేసు గారు పెట్టుకున్న వివాహ దరఖాస్తును తిరస్కరించాను. మీరు భిన్న జాతులు. శుభాకాంక్షలు మాత్రం తెలుపుతున్నాను."

ఓబులేసు అద్దానికి అవతల నిలబడి ఏదో అన్నాడు. వినబడలేదు. పెదవుల కదలిక బట్టి అది వినదగ్గ మాట కాదు.

పెద్దాయనను ఆపేస్తే పోదా అని ఎవరో అన్నారు. ఆపితే తలుపులతోపాటు గాలి కూడా ఆగుతుందని ఇంకెవరో గుర్తుచేశారు. అందరం పళ్ళేలు తీసుకుని ఎవరి వైపు వాళ్ళం కూర్చున్నాం.

సుంకమ్మత్తది నూగు జాతి, తిక్కన్న మామది నున్న జాతి. వాళ్ళ గదిని కూడా పెద్దాయన రెండుగా చీల్చాడు. వడ్డించే కిటికీలోంచి అత్త నాకు పళ్ళెం అందిస్తూ, "అబద్ధం ఎందుకు మే, ఈ రాత్రి కమ్మగా నిద్రబోతా. ఆయన గురక గోడకవతల పడిపోయింది," అంది. ఆ తర్వాత మామ వైపు ఒకసారి చూసి, అతని పళ్ళెంలో పోయమని ఇంకో గరిటెడు పప్పు అందించింది.

మామ నెమ్మదిగా తింటూ అన్నాడు. "మా తాత చెప్తాండె పాపా. భూమ్మీద గూడా మనుషుల్ని ఇట్లే యేరు పెడ్తాండ్రంట. యేరే గలాసులు, యేరే దోవలు, యేరే కూకునే చోటు. దానికి యంత్రం అక్కరలేదంట. నూగు గూడా అక్కరలేదంట."

ఆదివారం

ఓబులేసు పొద్దున్నే వేళ్ళకు గీకుడు కత్తి పట్టించి తొట్టి దగ్గరికి వచ్చాడు. రెండు చోట్ల తెగింది కూడా.

"కోసిన నూగు మొదళ్ళు కనిపిస్తున్నాయి," అన్నాడు పెద్దాయన. "కలుపు మొక్క పైరులా వేషం వేసుకోవడం గురించి చదివాను. చూడటం ఇదే మొదలు. చాలా ఆసక్తికరం." అతన్ని ఎడమవైపే పంపాడు.

అతను నున్న కావడం కుదరకపోతే నేనే నూగు అవుదామనుకున్నాను. పాత చాపలోంచి కొబ్బరి పీచు సన్నగా పీకి, జిగురుతో ఒక్కొక్క కణుపు మీదా అంటించుకున్నాను. చూడటానికి బాగానే ఉందనిపించింది. తొట్టి దగ్గర చేతులు చాపాను.

కన్ను కిందికి దిగింది. ఇంకా దిగింది. దాదాపు నా వేలిని ముట్టుకుంది.

"ఇది మనిషి నూగు కాదు. కొబ్బరి నూగు. మనిషి కాండం మీద కొబ్బరి నూగు ఉన్న మొక్కను ఇంతవరకు ఎవరూ నమోదు చేయలేదు." ఆ గొంతులో నేనెప్పుడూ వినని వణుకు వినబడింది. "హంపమ్మ గారూ, మీరు మూడో జాతి."

తలుపులు వరసగా తెరుచుకుంటూ, నా వెనక మూసుకుంటూ, నన్ను గింజల గది దాకా తోసుకుపోయాయి. దారిలో పీచంతా పీకి పారేశాను. "ఆకులు రాల్చే జాతి," అని పెద్దాయన రాసుకున్నాడు.

గదిలో కూర్చున్నాక అసలు సంగతి చెప్పాడు. "కొత్త జాతికి నమూనా అవసరం. ఒక మంచి మొక్కను ఎంచుకోవాలని మీరే నేర్పారు. ఈ జాతిలో ఉన్నది మీరొక్కరే కాబట్టి ఎంపిక సులువైంది."

"నమూనా అంటే ఒత్తి, ఆరబెట్టడం కదా పెద్దాయనా."

"అవును. పలకలు మీ ఎత్తుకు తగినట్టు చేయమని ఓబులేసు గారికి చెప్పాను."

"మనుషులకు హాని చేయకూడదని నీకు నియమం లేదూ?"

"ఉంది. మీరు ఏ జాతో ఇంకా తేలలేదు."

సోమవారం

గింజల గదిలో ఉన్నాను. చుట్టూ మొలకల పళ్ళేలు. భయం వేస్తోంది, ఆ భయం మధ్యలోనే నవ్వు కూడా వస్తోంది. రెండూ కలిసి వస్తే ఎక్కిళ్ళు పడతాయని ఇవాళే తెలిసింది.

పెద్దాయన మర్యాదకు లోటు చేయడం లేదు. దిండు కావాలా అని అడిగాడు. కాసేపాగి, "ఒత్తేటప్పుడు చేతులు పక్కలకు చాపుతారా, పైకెత్తుతారా?" అని అడిగాడు. "పువ్వు స్పష్టంగా కనబడాలి."

"నాకు పువ్వు లేదు."

"జడలో పెట్టుకోవచ్చు."

మధ్యాహ్నం తలుపు కటకటాల దగ్గరికి ఓబులేసు వచ్చాడు. నిన్నటి నుంచి పలకలు చేస్తూనే ఉన్నాడు, అవి పూర్తి కాకుండా జాగ్రత్తపడుతున్నాడు. మేకు కొట్టి పీకుతున్నాడు. మర ఎక్కడో పోయిందని వెతుకుతున్నాడు. పెద్దాయన వెతికి తెచ్చి ఇస్తే ఇంకోటి పోగొడుతున్నాడు.

"రేపు తెల్లారేతలికి కావాలంటాండాడు హంపీ. ఇంగ నాకు పోగొట్టడానికి మరలు గూడా లేవు."

కటకటాల్లోంచి చేయి లోపలికి పెట్టాడు. పట్టుకున్నాను. అతని వేళ్ళు ఒక్కొక్కటే నిమురుతూ కూర్చున్నాను. కోసిన నూగు మళ్ళీ గరుగ్గా మొలుస్తోంది. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు, మూడూ గరుకే. చిటికెన వేలు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. మళ్ళీ నిమిరాను. దాని నడిమి కణుపు మీద ఒక్క వెంట్రుక కూడా లేదు. గాజులా నున్నగా ఉంది.

నా పక్కనున్న పళ్ళెంలో సన్నపాయల మొలకలు ఉన్నాయి. ఒకే కాయలోని గింజలు చల్లాను అందులో. వంగి చూస్తే ప్రతి మొలకకూ, ప్రతి కణుపుకూ తెల్లటి నూగు ఉంది. ఒక్కటీ తప్పిపోలేదు.

"ఓబులేసూ," అన్నాను, "రేపు పొద్దున్నే సుంకమ్మత్తను, మామను, వాళ్ళ ముగ్గురు కొడుకుల్నీ ఇక్కడికి పిలుచుకుని రా. చేతులు కడిగించి తీసుకురా."

మంగళవారం

పొద్దున్నే గింజల గది ముందు గుమ్మటమంతా మూగింది. నూగు వాళ్ళు ఒక పక్క, నున్న వాళ్ళు ఒక పక్క. మధ్యలో పలకలు నిలబెట్టి ఉన్నాయి. ఓబులేసు చక్కగా చేశాడు, అతనికి చెడ్డగా చేయడం రాదు. కప్పు నుంచి పెద్దాయన చేతులు దిగి మరలు వదులు చేస్తున్నాయి.

"పెద్దాయనా, ఆగు. నీకు ఒక పాఠం సగమే చెప్పాను. మిగతా సగం చెప్పాక ఒత్తుకో."

చేతులు ఆగాయి. పాఠం అంటే ఆయనకు అంత ఇష్టం.

"ఒక గుర్తు జాతిని నిజంగా వేరు చేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? ఒకే కాయలోని గింజలు విత్తి చూడాలి. ఈ పళ్ళెం చూడు."

కన్ను దిగి చూసింది. "అన్నిటికీ నూగు ఉంది."

"పక్క పళ్ళెం గంగపాయల. ఒక్కదానికైనా ఉందా?"

"లేదు. కాబట్టి మొక్కల్లో ఈ గుర్తు నిలబడింది. మనుషుల్లో కూడా పరీక్షించాలంటే విత్తి చూడాలి. దానికి చాలా కాలం పడుతుంది."

సుంకమ్మత్త ముందుకు వచ్చింది. "ఎప్పుడో విత్తినాం. మొలిచినారు. ఇదిగో ముగ్గురు. ఒరే, చేతులు చాపండ్రా."

ముగ్గురు కొడుకులూ చేతులు చాపారు. పెద్దవాడికి, చిన్నవాడికి నూగు ఉంది. నడిమివాడి చేతులు వాళ్ళ నాన్నలా నున్నగా ఉన్నాయి.

పెద్దాయన తడబడ్డాడు. "వీరు రెండు జాతుల సంకరాలు కావచ్చు."

"ఎవుర్ని అంటాండావు సంకరమని?" అత్త చేతిలోని గరిటెతో గోడ మీద ఒక్కటి వేసింది. దీపాలు ఆరి వెలిగాయి. ఆమెను ఆపాల్సిన తిక్కన్న మామ, ఇంకోసారి కొట్టడానికి వీలుగా పక్కకు జరిగాడు.

"సరే పెద్దాయనా, అయితే ఇది చూడు," అన్నాను. కటకటాల్లోంచి ఓబులేసు చేయి పట్టుకుని కన్ను ముందుకు చాపాను. "ఉంగరపు వేలి కణుపు మీద ఏముంది?"

"నూగు."

"చిటికెన వేలి మీద?"

కన్ను ఆ వేలి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "ఏమీ లేదు." ఇంకోసారి తిరిగి వచ్చి, "అయితే చిటికెన వేలిని వేరే గదిలో ఉంచాలా?" అన్నాడు.

కప్పు నుంచి ఒక చేయి కాస్త కిందికి దిగింది. ఓబులేసు తన చేతిని చంకలో దాచుకున్నాడు.

"వద్దు," అన్నాను. "ఒకే కాయలో రెండు రకాలూ మొలిచాయి. ఒకే మొక్క మీద రెండు రకాల కణుపులూ ఉన్నాయి. అంటే మనుషుల్లో నూగు జాతి గుర్తు కాదు. నీళ్ళు తగ్గితే చిన్నదయ్యే ఆకు లాంటిది, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పాయల కూరకు పనికొచ్చిన గుర్తు కోడికి పనికిరాదు, చీపురుకు అసలే పనికిరాదు. ప్రతిదానికీ విడిగా చూసుకోవాలి. నేను ఆ సగం చెప్పకుండా వదిలేశాను."

గాలి పంకా నెమ్మదించింది. పెద్దాయన గట్టిగా ఆలోచిస్తే అలా అవుతుంది. గుమ్మటంలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఊపిరి పొదుపుగా తీసుకున్నారు.

పంకా మళ్ళీ అందుకుంది. భోజనశాల వైపు నుంచి అద్దం గోడ పైకి లేస్తున్న చప్పుడు వినబడింది. గింజల గది తలుపు తెరుచుకుంది.

"మీరందరూ ఒకే జాతి," అన్నాడు పెద్దాయన. "కొంచెం నిరాశగా ఉంది."

ఓబులేసు నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చుట్టూ జనం ఉన్నారని నేను గుర్తుచేస్తే, ఒకే జాతే కదా అన్నాడు.

ఆదివారం

ఇవాళ పెళ్ళయింది. పెద్దాయన నమోదు చేశాడు. ఈసారి శుభాకాంక్షలు సరైన చోట చెప్పాడు.

విందు మధ్యలో గోడలోంచి చిన్నగా పిలిచాడు. "హంపమ్మ గారూ, నేను తొందరపడటం లేదు. నీటి తొట్టి వెనక పాయల కూర లాంటి మొక్కలు కొన్ని మొలిచాయి. ఎండలోవీ చూశాను, నీడలోవీ చూశాను. ఒకే కాయ గింజలు విత్తి మొలకలూ చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి, మన రెండింటిలా మాత్రం లేవు. అయినా నేను ఏమీ అనను. మీరు వచ్చి చూడండి."

పెళ్ళి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని తొట్టి వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. నా వెనక విందంతా లేచి వచ్చింది. ఆకులు సూదుల్లా సన్నగా, గుండ్రంగా ఉన్నాయి. కణుపుల్లో దూది కుక్కినంత నూగు ఉంది. పువ్వు పసుపు కాదు, ముదురు గులాబి. ఒక్కొక్క మొక్కే చూశాను. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

"నువ్వు చెప్పింది నిజమే. ఇది వేరే జాతి. బాగా చూశావు," అన్నాను.

గుమ్మటంలోని దీపాలన్నీ కాస్త కాంతివంతమయ్యాయి.

"అదంతా సరే, పప్పులోకి పనికొస్తాదా లేదా?" అంది సుంకమ్మత్త. నేను చేయి అడ్డం పెట్టేలోపే ఒక కొస తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది.

"అత్తా, అది విషమో కాదో ఇంకా చూడలేదు."

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. అత్త నెమ్మదిగా వెళ్ళి బల్ల మీద కూర్చుని, గుండె మీద చేయి పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. తిక్కన్న మామ విందు వదిలేసి ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాడు. నీళ్ళు తాగించాడు, ఆమె కొంగుతోనే విసిరాడు, గురక మానేస్తానని మాటిచ్చాడు. పెద్దాయన ఆమె నాడి చూసి అంతా బాగుందని చెప్పబోతే, అత్త ఒక కన్ను తెరిచి గోడ వైపు చూసింది. పెద్దాయన నోరు మెదపలేదు. ఆయన నేర్చుకుంటున్నాడు.

తనకేమీ కాలేదన్న సంగతి ఆమె సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు.